‘ఎవరొచ్చినా ఇంతే’ అనే కాలంలో

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాలు వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు వయసులవారి నుంచి వచ్చినా, చాలావాటిలో ఉన్న బాధ ఒక్కటే: ఎవరినీ నమ్మబుద్ధి కావడం లేదు, దేనిమీదా ఆశ నిలవడం లేదు, చేస్తున్న పనికి సార్థకత కనబడడం లేదు. అందుకని ఇతర ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ ఒక్క విషయం మీద వచ్చిన ఉత్తరాలకే ఈసారి సమాధానాలు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నాయకులు, అధికారులు, స్వాములు, సంఘసేవకులు, అందరి లోపలి వ్యవహారాలూ దగ్గరగా చూశాను. ఎవరి స్వార్థం వారిది. ఈ మాట ఇంట్లో అంటే పిల్లలు ‘నాన్నా, నీకు ఎవరిలోనూ మంచి కనబడదు’ అంటున్నారు. నాది నిరాశ కాదండీ, అనుభవం. మీరేమంటారు?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి

సమాధానం: మీ అనుభవాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అడంగల్‌లో (ఊరి భూముల రికార్డులో) ఒక పేరు సరిచేయించుకోవడానికి చిన్న రైతు ఎన్నిసార్లు తిరగాలో, ఏ మెట్టు దగ్గర ఎవరి చెయ్యి తడపాలో మీకు తెలిసినంతగా నాకు తెలియదు. కానీ మీ బల్ల దగ్గరికి వచ్చినవారు ఎవరన్నది కూడా చూడాలి కదా. గట్టు తగాదా ఉన్నవారు, పక్కవాడి సెంటు భూమి మీద కన్నేసినవారు, వారి వెనుక పైరవీకారులు పదేపదే వస్తారు. అన్నదమ్ములు అరుగు మీద కూర్చుని మాట తేడా రాకుండా సర్దుకున్న పంపకాలు మీదాకా వచ్చినా, ఒక సంతకంతో వెళ్ళిపోతాయి కాబట్టి గుర్తుండవు. మీరు చూసినదంతా నిజమే. అయితే, ఊరిలో చెడిపోయిన వ్యవహారాలన్నీ జల్లెడ పట్టినట్టు వచ్చి చేరే చోట కూర్చుని మీరు చూశారు.

ఇక ‘ఎవరి స్వార్థం వారిది’ అన్న మాటను పరీక్షించి చూసినవారు ఉన్నారు. 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. 40 దేశాల్లోని 355 నగరాల్లో, బ్యాంకులు, హోటళ్ళు, పోస్టాఫీసుల వంటి చోట్ల కౌంటరులో ఉన్నవారికి 17,000కు పైగా పర్సులను ‘ఎవరో పారేసుకున్నారు, కాస్త చూడండి’ అని అప్పగించి వెళ్ళిపోయారు. పర్సు పారదర్శకంగా ఉంటుంది. లోపల యజమాని పేరూ ఈమెయిలూ ఉన్న కార్డులు, సరుకుల చీటీ, తాళంచెవి బయటికి కనబడుతుంటాయి. కొన్నింటిలో డబ్బు పెట్టారు, కొన్నింటిలో పెట్టలేదు. డబ్బున్న పర్సు తిరిగి రాదనే మీరూ నేనూ అనుకుంటాం, అడిగి చూస్తే సామాన్య జనమూ అలాగే చెప్పారు. తీరా చూస్తే 38 దేశాల్లో, ఖాళీ పర్సు కంటే డబ్బున్న పర్సు విషయంలోనే ఎక్కువమంది యజమానికి కబురు పెట్టారు. ఆ 38లో మన దేశమూ ఉంది. అందరూ కబురు పెట్టారని నేననడం లేదు. పెట్టనివారు కూడా చాలామందే ఉన్నారు. కానీ మనుషుల గురించి మన అంచనా, మనుషుల కంటే ఒక మెట్టు కిందనే ఉందన్నది తేలింది.

మీ పిల్లలకు తెలియని ఇంకో సంగతి చెబుతాను, మీకు కొంచెం కష్టంగా ఉండవచ్చు. పెదవి విరిచేవాడు తెలివైనవాడనీ, నమ్మేవాడు అమాయకుడనీ లోకంలో ఒక అభిప్రాయం ఉంది. ఓల్గా స్తావ్రోవా, డేనియల్ ఎలెబ్రెఖ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 30 దేశాలకు చెందిన రెండు లక్షలమంది సమాచారాన్ని పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితం ఇందుకు విరుద్ధంగా ఉంది: మనుషులందరినీ అనుమానించే స్వభావం ఉన్నవారు తెలివితేటల పరీక్షల్లో సగటున వెనుకబడ్డారు. పైగా, అవినీతి తక్కువగా ఉన్న దేశాల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనబడింది. చుట్టూ మోసమే ఉన్నచోట అనుమానం కొంత పనికొస్తుంది కాబట్టి, మీ పాత కార్యాలయంలో అది మీకు పనికొచ్చిందనే అనుకుంటాను. ఇంటికి కూడా దాన్నే తెచ్చుకున్నారు, పిల్లల ఫిర్యాదు అంతవరకే.

ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో మీకు తెలుసు. తహసీల్దారు కార్యాలయం ముందు అర్జీ రాయించుకోవడానికి డబ్బులిచ్చి నిలబడేవారికి ఆ తెలివి ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. వారానికి ఒక పూట అక్కడ కూర్చుని చూడండి. ఈ శీర్షికలోనే చివరి ఉత్తరం రాసిన పాఠకుడికి మీలాంటివారి అవసరం ఉంది.

ప్రశ్న: మా అమ్మ 1992లో ఊరి ఆడవాళ్ళతో కలిసి సారా వేలంపాటలను అడ్డుకోవడానికి నెల్లూరు వెళ్ళింది. ఇప్పుడు మా వీధి చివరే మద్యం దుకాణం ఉంది, పల్లెల్లో బెల్టు షాపులు వేరు. ‘మేం పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే’ అని అమ్మ ఈ మధ్య తరచూ అంటోంది. ఆమెకు ఏమని చెప్పాలి?
- ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని కప్పిపుచ్చే ఓదార్పు ఏదీ ఆమె ముందు నిలవదు. 1995 జనవరి 16న రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది. ఆ తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ మద్యం రాబడిని వదులుకోలేదు. (సంపూర్ణ నిషేధం మంచి విధానమేనా అన్నదానిపై నాకూ అనుమానాలు ఉన్నాయి, దొంగ రవాణా, నాటు కాపుడు పెరిగిన మాట అబద్ధం కాదు.) ఆ లెక్కన చూస్తే ఓడిపోయారనే అనాలి.

అయితే ఆనాడు వారు దేనికి ఎదురు నిలిచారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు ఉండగా, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాలిథీన్ ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చే ఏర్పాటు స్వయంగా సర్కారే చేసింది. కుండలో కాచినదాన్ని చాటుగా తాగే రోజులు పోయి, చొక్కా జేబులో పట్టే ప్యాకెట్టు పనిచేసే చేను గట్టుకే వచ్చింది. కూలి డబ్బు ఇల్లు చేరే దారిలోనే ఆవిరైపోయేది. కాంట్రాక్టర్ల వెనుక డబ్బుంది, డబ్బు వెనుక రాజకీయం ఉంది. ఆ పరిస్థితిలో, రాత్రిపూట పలకా బలపం పట్టుకుని కూర్చున్న నిరుపేద ఆడవాళ్ళు ఈ ఏర్పాటును కదిలిస్తారని ఎవరైనా అని ఉంటే, తెనాలి పెద్దాయన లాంటివారు ఆ రోజుల్లోనూ నవ్వి ఉండేవారు.

కదిలించింది ఏమిటో మీ అమ్మగారికి బాగా గుర్తుండి ఉంటుంది. అక్షరాస్యత ఉద్యమం కోసం తయారుచేసిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. ఒక ఊరి ఆడవాళ్ళు కూడబలుక్కుని సారా దుకాణం మూయించిన కథ అది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం విన్నవారు ‘మనమెందుకు చేయకూడదు’ అనుకున్నారు. వారిలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు ఆ తరువాత రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట కథే మళ్ళీ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమై తరువాతి వాచకంలోకి ఎక్కి, ఆ పాఠం చదివిన ఊళ్ళు తమ దుకాణాల మీదికి వెళ్ళాయి. ప్యాకెట్లను వీధిలో పారబోశారు, తాగివచ్చిన మగవాళ్ళకు అన్నం పెట్టబోమన్నారు, జిల్లా కేంద్రంలో వేలంపాటలు జరగనివ్వక పలుమార్లు వాయిదా వేయించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది, ఆశ ముందు పుట్టి పని తరువాత మొదలుకాకపోవడం. ‘సమాజం మారుతుంది’ అన్న నమ్మకం కుదిరాక వారు బయలుదేరలేదు. మా ఊరి దుకాణం మూయాలి అన్నారు, మూయించారు, మూతపడ్డ దుకాణాన్ని చూశాక పక్క ఊరికి నమ్మకం కలిగింది. ఈ వరుస తిరగబడినప్పుడు, అంటే ముందు ఆశ కలిగితే తరువాత పని చేస్తాం అని కూర్చున్నప్పుడు, పెదవి విరుపు తప్ప ఇంకేమీ మిగలదు.

మరి ఏం మిగిలింది? ఊరూరా సారాకు ప్రభుత్వమే వేలంపాట పెట్టే పద్ధతి మళ్ళీ రాలేదు. అది చిన్న విషయమని ఇవాళ అనిపించవచ్చు, 1991లో ఎవరికీ అలా అనిపించలేదు. రెండోది, సారాకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోవడం నెల్లూరు జిల్లాలోనే ‘పొదుపు లక్ష్మి’గా మొదలై, తరువాత డ్వాక్రా సంఘాల విస్తరణకు దారి వేసింది. బ్యాంకు గడప తొక్కడానికి జంకిన ఆడవాళ్ళు తీర్మానం పుస్తకం పట్టుకుని మేనేజరు ఎదుట కూర్చోవడం అక్కడి నుంచే అలవాటైంది. ఆ బాట కూడా సాఫీగా సాగలేదు. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల అప్పుల్లో కుటుంబాలు కూరుకుపోయి ఆత్మహత్యల దాకా వెళితే, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. గెలిచిన చోటే మరో కొత్త ముప్పు రావడం, దాన్ని మళ్ళీ ఎదుర్కోవలసి రావడం ఈ కథలో మొదటి నుంచీ ఉన్నదే.

కాబట్టి ఆమెకు ఏదో చెప్పడం కంటే, ఆమెను అడగండి. నెల్లూరు వెళ్ళడానికి చార్జీలు ఎలా కూడబెట్టారు, ఇంట్లో ఏమని చెప్పి వచ్చారు, పోలీసులు ఏమన్నారు, ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు మధ్యలో వెనక్కి తగ్గారు. ఇవన్నీ రాసి పెట్టండి. ఈ వివరాలు చాలావరకు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఇప్పటి బెల్టు షాపుల మీద ఫిర్యాదు చేద్దామనుకునే ఆడపిల్లలకు, ‘మద్యం రహిత సమాజం’ మీద ఉపన్యాసం కంటే ఈ వివరాలు పనికివస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఐదేళ్ళుగా గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాడు. ఇప్పుడు పుస్తకం ముట్టడం లేదు. ‘పోస్టులన్నీ ముందే అమ్ముడుపోతాయమ్మా, చదివేవాడు పిచ్చోడు’ అంటూ రోజంతా ఫోను పట్టుకుని పడుకుంటున్నాడు. ధైర్యం చెబితే నన్నే కసురుతున్నాడు.
- ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి కోపానికి కారణం ఉందని ముందు అతని ఎదుటే ఒప్పుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రం లీకైందని తేలడంతో 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఉపసంహరించి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఈ రెండేళ్ళూ హైదరాబాదులో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గల్లీల్లో ఆరుగురు పంచుకున్న గదికి అద్దె కట్టుకుంటూ, ఇంటి నుంచి డబ్బు అడగడానికి సిగ్గుపడుతూ గడిపిన పిల్లవాడికి ‘ధైర్యంగా ఉండు నాన్నా’ అన్న మాట వినబడదు. అతని కష్టం మనకు అర్థం కాలేదన్న సంగతే వినబడుతుంది.

అది ఒప్పుకున్నాక, అతను అన్న మాటలోని రెండు ముక్కలను విడదీయవచ్చు. ‘పేపరు లీకైంది’ అన్నది జరిగిన విషయం. ‘అన్నీ ముందే అమ్ముడుపోతాయి’ అన్నది దాని మీద కట్టిన తీర్పు. రెండోసారి పెట్టిన పరీక్ష రద్దు కావడానికి కారణం ఎవరో గుర్తుచేయండి. అతనిలాంటి అభ్యర్థులే కోర్టుకు వెళ్ళారు. వ్యవస్థ మీద వారికి గుడ్డి నమ్మకం ఏమీ లేదు, ఉంటే పిటిషన్ వేసేవారే కాదు. పరీక్ష కేంద్రాల్లో బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదన్న నిర్దిష్టమైన లోపాన్ని పట్టుకున్నారు, కాగితాలు సేకరించారు, న్యాయస్థానం ముందు పెట్టారు. అంతా అబద్ధమే అని తేల్చేసినవాడికి ఒక్క కాగితమైనా చదివే పని ఉండదు, అందుకే ఆ తీర్పు అంత హాయిగా ఉంటుంది. అనుమానించడాన్ని మానమని మీ అబ్బాయికి చెప్పకండి. దేన్ని అనుమానిస్తున్నాడో కచ్చితంగా చెప్పమనండి.

ఇంకొక లెక్క కూడా అతనితో కూర్చుని వేయాలి. ఆ 503 పోస్టులకు 3 లక్షల 80 వేలమంది దరఖాస్తు చేశారు. ఒక్క తప్పూ జరగకుండా, దేవుడే దిగివచ్చి పరీక్ష పెట్టినా, 750 మందిలో ఒకరికే ఉద్యోగం. మిగిలిన 749 మంది పనికిమాలినవారా? బతుకు సార్థకతను అంత సన్నని కొమ్మకు వేలాడదీయమని అతనికి చెప్పినవారిలో కోచింగ్ సెంటర్లతో పాటు మనమూ, మన చుట్టాలూ ఉన్నాం. ఇంకెన్ని ప్రయత్నాలు చేస్తాడో, ఏ తేదీ తరువాత వేరే దారి చూస్తాడో అతన్నే నిర్ణయించుకోమనండి. ఈలోగా ట్యూషన్లు చెప్పడమైనా సరే, నెల తిరిగేసరికి చేతిలో పడే డబ్బు ఒకటి ఉండాలి.

ఒక హెచ్చరిక. నిద్ర, తిండి దెబ్బతిని, స్నేహితులను కూడా తప్పించుకుంటూ వారాల తరబడి గదిలోనే ఉంటున్నాడంటే అది లోకం మీద అభిప్రాయం కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. మానసిక వైద్యుడికి చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చావు మాట ఎత్తితే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ తెలుగు వార్తలు చూస్తూ ఉంటాను. చూసిన కొద్దీ మన రాష్ట్రాల మీద, దేశం మీద ఆశ పోతోంది. వార్తలు చూడడం మానేయమంటారా?
- ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: మానేయమనను. అయితే వార్త అనేది ఏం చూపగలదో తెలుసుకుని చూడండి. ఇవాళ జరిగినది వార్త అవుతుంది, ఇవాళ జరగనిది కాదు. 2009లో మన దేశంలో 741 మంది పిల్లలకు పోలియో సోకింది. ప్రపంచంలో ఆ ఏడాది నమోదైన కేసుల్లో దాదాపు సగం మనవే. వైరసును ఇక్కడ ఆపలేమని నిపుణులే అనుకుంటున్న రోజులవి. ఐసు పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, రెండు చుక్కలు వేసి, పిల్లవాడి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి, తలుపు మీద సుద్దతో రాసి వెళ్ళే మనుషులు ఆ పనిని మానలేదు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు సోకినదే చివరి కేసు. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చిన రోజున ఒక శీర్షిక వచ్చి ఉంటుంది. ఆ తరువాత ప్రతి రోజూ పోలియో రాలేదన్న వార్త ఎవరూ వేయరు. అలాగే, 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో ఏడాది నిండకుండానే 80 మంది పోయేవారు; 2020 నాటికి అది 28కి తగ్గింది. 28 కూడా ఎక్కువే.

ఇలాంటి అంకెలను, ఇవాళ కష్టంలో ఉన్నవాడి నోరు మూయించడానికి వాడేవారు కూడా ఉన్నారు. వారి జట్టులో చేరకండి. రోజంతా యాభై వార్తలు పైపైన చూసే బదులు, మీ సొంత మండలానికి సంబంధించిన ఒక్క సమస్యను ఏడాది పాటు వెంబడించి చూడండి. రోజంతా వార్తలు చూసే సమయం మీకు ఎలా దొరుకుతోందన్నది మీ ఆఫీసువారు అడగవలసిన ప్రశ్న, నేను అడగను.

ప్రశ్న: గిరిజన ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేరి రెండేళ్ళు కావస్తోంది. బడి వేళ తరువాత చదువులో వెనుకబడిన పిల్లలతో గంట సేపు ఉంటాను. తోటి టీచర్లు ‘నువ్వొక్కడివే దేశాన్ని ఉద్ధరిస్తావా తమ్ముడూ, మేమూ మొదట్లో ఇలాగే ఎగిరాం’ అని నవ్వుతున్నారు. వాళ్ళకేం సమాధానం చెప్పాలి?
- ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా

సమాధానం: ఏమీ చెప్పకండి. ‘మేమూ మొదట్లో ఇలాగే’ అన్న మాటలో వెక్కిరింత కంటే వేరేది ఉంది, గమనించారా? వారిలో ఒకరైనా ఒకప్పుడు నిజంగానే ఇలా పనిచేసి, ఎవరూ తోడు రాక అలిసిపోయి ఉంటారు. ఆ ఒక్కరిని కనిపెట్టండి. వాదించవద్దు, ‘మూడో తరగతి పిల్లలకు తీసివేతలు ఎలా చెబితే అర్థమయ్యేవి మాస్టారూ’ అని అడగండి.

ఒక్కరే చేశారని మనం చెప్పుకునే పనులను దగ్గరగా చూస్తే చాలావాటిలో ఒక్కరే ఉండరు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులుగారిని తీసుకోండి. అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, పాతికేళ్ళు తెలుగునాట అది కాగితం మీదే ఉంది. పెళ్ళి ఖర్చులకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చారు. గొడవలు జరగకుండా పంతులుగారి శిష్యులు కాపలా నిలిచారు. వెలి భయంతో వంటవారూ నీళ్ళు తెచ్చేవారూ మొహం చాటేస్తే, భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. ఇంత చేసి, జీవితకాలంలో ఆయన జరిపించగలిగిన వితంతు వివాహాలు నలభై దాకా మాత్రమే. ‘ఈ నలభైతో లోకం మారుతుందా’ అని అప్పుడూ అన్నారు. ఆ నలభై ఇళ్ళలోని ఆడవాళ్ళకు మాత్రం లోకం మారింది.

మీ గంటకు హాజరయ్యే పిల్లల సంఖ్యను కూడా అలాగే చూడండి. పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులు ఉంటారు కదా, నెలకొకసారి వారికి పిల్లల చదువు వినిపించండి. సంతకాల కోసమే పిలుస్తారనుకునే ఆ తల్లులు, తమ పిల్ల గడగడా చదవడం విన్నాక, మీ తరఫున మాట్లాడవలసిన చోట వారే మాట్లాడతారు. రోజూ గంట అనే నియమం బరువైతే వారానికి మూడు రోజులు చేయండి. అలిసిపోయి మానేయడం కంటే అది మేలు.

ప్రశ్న: మా ఊళ్ళో వేసిన సిమెంటు రోడ్డు ఏడాది తిరగకుండానే పెచ్చులూడిపోయింది. అడుగుదామంటే ‘అడిగితే ఏమొస్తుంది, ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి’ అంటున్నారు ఊరివాళ్ళు. నాకు కూడా అదే నిజమనిపిస్తోంది. అయినా అడగాలనీ ఉంది.
- ఒక యువకుడు, కర్నూలు జిల్లా

సమాధానం: అడగాలని ఉంది కదా, అంతే చాలు, నమ్మకం కుదిరేదాకా ఆగనక్కరలేదు. కావలి ఉత్తరానికి రాసిన జవాబు చూడండి.

అడిగే హక్కు మీకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్ళిన కూలీలు, తమకు అందిన డబ్బుకూ మస్టరు రోలులో (కూలీల హాజరు, చెల్లింపుల పట్టీలో) రాసిన డబ్బుకూ పొంతన లేదని, ఆ రోలు చూపమని అడిగారు. రహస్య పత్రమన్నారు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరు 2న కోట్‌కిరానా గ్రామంలో జనసునవాయి (బహిరంగ విచారణ) పెట్టి లెక్కలను ఊరందరి ముందు చదివి వినిపించింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ‘అడిగితే ఏమొస్తుంది’ అని వారినీ అన్నారు. 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు మొదలై, జాబ్ కార్డులో ఉన్న పనిదినాలనూ మస్టరులో ఉన్నవాటినీ గ్రామసభలో పక్కపక్కన పెట్టి చదివే పద్ధతి వచ్చింది.

ఆ చట్టానికి జబ్బు చేసిందన్నది కూడా దాచను. తెలంగాణ సమాచార కమిషన్ 2023 నుంచి 2025 దాకా కమిషనర్లే లేక మూతపడినట్టే ఉండిపోయింది. అనేక చోట్ల అప్పీళ్ళు ఏళ్ళ తరబడి పడి ఉంటున్నాయి. అందుకే మొదటి దరఖాస్తునే గట్టిగా రాయాలి. ‘రోడ్డు ఎందుకు పాడైంది’ అని అడగకండి; ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వనక్కరలేదని తప్పించుకుంటారు. కాగితాలు అడగండి: మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో ఒప్పందం, కొలతలు రాసిన ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్షల నివేదిక, చెల్లించిన బిల్లులు. ఒప్పందంలో, పని పూర్తయ్యాక ఎంతకాలం లోపు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలో రాసి ఉంటుంది. ఏడాది తిరగకుండానే పాడైందంటే ముందు చూడవలసింది ఆ గడువే. ఎం-బుక్కులో మందం ఎన్ని అంగుళాలని రాశారో చూసుకుని, పెచ్చు ఊడిన చోట టేపు పెట్టి కొలవండి, ఫొటో తీయండి. పనిని తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకోవడానికీ కూడా ఆ చట్టం రెండో సెక్షన్‌లోనే హక్కు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

దరఖాస్తును ఒక్కరే పెట్టకండి. ఒకే సమాచారాన్ని ముగ్గురు నలుగురు వేరువేరుగా అడిగితే ఒక్కరి మీద ఒత్తిడి పడదు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, లేదా స్పీడు పోస్టులో పంపండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా, అక్కడి నుంచి మరో 30 రోజుల లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి, కాబట్టి దరఖాస్తు ఇచ్చిన రోజే ఆ రెండు తేదీలనూ రసీదు వెనుక రాసి పెట్టుకోండి.